కుంట పైన దున్నకుండా వదిలిన ఎకరంన్నర: దాని ఫలితానికి ఎవరు చెల్లించాలి?

ఎర్రచెలక | మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. ఏడాదిగా మా ఇంట్లో నలుగుతున్న విషయం ఇది. పెద్దవాళ్లు, లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని రాస్తున్నాను.

మాకు అయిదెకరాల చెలక. అందులో ఎకరంన్నర గుట్ట కింద వాలులో ఉంది. దాని దిగువనే ఊరి కుంట. ఆ వాలు దున్నిన ప్రతి ఏడాదీ మొదటి పెద్ద వానకే మట్టి కుంటలోకి కొట్టుకుపోయేది. పదకొండేళ్ల కిందట నాన్న దాన్ని దున్నడం మానేశారు. ఇప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి, కానుగలు, వేపలు, సీతాఫలం పొదలు. గుట్ట మీది నుంచి వచ్చే నీరు గడ్డిలో నెమ్మదించి కుంటలోకి తేటగా దిగుతోంది. కుంట పూడలేదు.

కుంట కింద నాలుగు బోర్లు ఉన్నాయి. అందులో ఒక్కటీ మాది కాదు. నిరుడు ఎండాకాలం ఊళ్లో మిగతా బోర్లు గంట పోసి గంట ఆగుతుంటే ఈ నాలుగు మాత్రం ఆగలేదు. వాటి కింద రెండు పంటలూ సన్న వరి. ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు ₹500 బోనస్ ప్రకటించింది కాబట్టి, ఎకరానికి పాతిక క్వింటాళ్లు అమ్మితే ₹12,500 అదనం. నాన్న మిగిలిన మూడున్నర ఎకరాల్లో కంది, జొన్న వేస్తారు. వాటికి బోనస్ లేదు. రైతు భరోసా ఏడాదికి ఎకరానికి ₹12,000 మాకూ ఉంది, వాళ్లకూ ఉంది. నీళ్లు తోడిన ఎకరానికీ, నీళ్లు నిలిపిన ఎకరానికీ ఒకటే ధర. పైగా ఆ ఎకరంన్నర సాగులో లేదని రేపు ఎవరైనా రాస్తే, దాని మీద వచ్చేది కూడా పోతుందని నాన్నకు భయం.

తమ్ముడు ఈసారి ఆ వాలు దున్ని పత్తి పెడతానంటున్నాడు. వాడిని తప్పు పట్టలేకపోతున్నాను. వాడికి ఇద్దరు పిల్లలు. ఇలా నీళ్లను, మట్టిని కాపాడే రైతుకు ప్రభుత్వాలు డబ్బు చెల్లించే పద్ధతి ఎక్కడైనా ఉందా? ఉంటే అది పనిచేసిందా? అది న్యాయంగా అందిందా?

బడి సారు | దేవరకద్ర

అమ్మా, ఉంది. మన దేశంలోనే ఉంది. కేరళలో 2020 నుంచి వరి పొలాన్ని పూడ్చకుండా, ఇళ్ల స్థలాలుగా మార్చకుండా వరికే ఉంచిన యజమానికి హెక్టారుకు ఏడాదికి ₹2,000 రాయల్టీ ఇవ్వడం మొదలుపెట్టారు. పంట పండించినందుకు ఇచ్చేది కాదది. ఆ పొలం వరద నీటిని పట్టి ఉంచుతుంది, భూమిలోకి దించుతుంది, చుట్టుపక్కల బావులను బతికిస్తుంది, అందుకు ఇచ్చేది.

ఇక్కడ ఒక మాట ఆలోచించాలి. అక్కడ వరి మడి నీళ్లను నిలిపేది. మన దగ్గర బోరు కింది వరి మడి నీళ్లను తోడేది. పంట ఒకటే, పని వేరు. పంట పేరు చూసి డబ్బు ఇచ్చే ఏ పథకమైనా ఈ తేడా దగ్గరే తప్పటడుగు వేస్తుంది.

బయటి దేశాల్లో అందరూ చెప్పుకునేది కోస్టారికా. 1996లో అటవీ చట్టం చేసి, 1997 నుంచి అడవిని నిలిపిన భూయజమానులకు చెల్లించడం మొదలుపెట్టారు. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారో చూడండి. పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్నులో కొంత భాగం దానికి కేటాయించారు. పొగ వదిలేవాడు చెట్టు నిలిపేవాడికి ఇచ్చినట్టు. అయితే మొదటి ఏళ్లలో ఆ డబ్బులో ఎక్కువ భాగం కాగితాలు సరిగ్గా ఉన్న పెద్ద భూస్వాములకే చేరిందనీ, ఎటూ నరకని అడవికి కూడా చెల్లించారనీ విమర్శలు వచ్చాయి. ఆ తరువాత పేద ప్రాంతాలకు, ఆదివాసుల భూములకు ముందు వరుస ఇచ్చేలా నియమాలు మార్చుకున్నారు.

చైనాలో 1998 వరదల తరువాత, 1999లో, కొండ వాలుల మీద సాగు మానిన రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చారు. మీ నాన్నగారు పదకొండేళ్ల కిందట ఎవరూ అడగకుండా చేసింది అచ్చంగా అదే పని.

వరిమడి | తిప్పర్తి

చెల్లెమ్మా, మీ నాన్నగారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. వరి వేసేవాడిని దొంగలా చూపించకండి. నేను మూడేళ్లు జొన్న వేసి చూశాను. ఊరంతటికీ నాదొక్కటే జొన్న చేను. చిలకలు, పిచ్చుకలు, అడవి పందులు, కోతులు అన్నీ నా చేనుకే వచ్చాయి. మంచె మీద కూర్చోవడానికి మనిషి దొరకడు. గింజ చేతికొచ్చాక కొనేవాడు లేడు. వడ్లయితే ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, తూకం వేస్తారు, ఆలస్యమైనా డబ్బు ఖాతాలో పడుతుంది. రైతు వరి మీద మోజుతో వేయడం లేదు. అమ్ముడుపోయేది అదొక్కటే కాబట్టి వేస్తున్నాడు.

హరియాణాలో 2020లో వరి మానితే ఎకరానికి ₹7,000 ఇస్తామన్నారు. వరికి మద్దతు ధర, కొనుగోలు అలాగే ఉండగా ఆ ఏడు వేలకు ఎంతమంది వదులుతారు? నేనైతే వదలను.

కౌలు బతుకు | దేవరకొండ

నేను ఏడెకరాలు కౌలుకు చేస్తున్నాను. ఎకరానికి తొమ్మిది వేల కౌలు ముందే కట్టాలి. 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు ₹4,000తో మొదలైన నాటి నుంచి నేటి వరకు నాకు ఒక్క రూపాయి రాలేదు. నేను దున్నిన భూమి మీద డబ్బు హైదరాబాదులో ఉండే పట్టాదారు ఖాతాకు పోతుంది. ఆ డబ్బు వస్తున్న కొద్దీ నా కౌలు తగ్గాలి కదా? పెరిగింది. ఎందుకని అడిగితే, భూమి విలువ పెరిగింది అన్నాడు.

కాబట్టి నీళ్లకు, మట్టికి, చెట్లకు డబ్బు అనగానే నాకు గుండె గుభేలుమంటుంది. చెట్లు పెంచితే ఎకరానికి ఇంత అని రేపు ప్రకటిస్తే పట్టాదారు ఏం చేస్తాడు? నాలుగు మొక్కలు నాటి, నన్ను భూమిలో నుంచి లేపి, ఇంట్లో కూర్చుని డబ్బు తీసుకుంటాడు. భూమి చల్లగా ఉంటుంది. నేను మళ్లీ పుణెకో ముంబయికో పోయి రాళ్లు మోయాలి. పాలమూరు వాళ్లకు ఆ దారి ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

అక్కా, మీ నాన్నగారు చేసింది మంచి పని. కానీ ఆ పని చేయడానికి ఆయనకు పట్టా ఉంది. నేను ఒడ్డు వేస్తే వచ్చే ఏడాది ఆ ఒడ్డు వేరేవాడిది. చెరువు మట్టి ట్రాక్టరు కిరాయి పెట్టి తోలుకుని చేనులో పోశాను, మిషన్ కాకతీయ నడిచిన రోజుల్లో. రెండేళ్లకు భూమి మారింది. ఆ మట్టి ఇప్పటికీ అక్కడే ఉంది, పంట ఇంకొకరిది.

బడి సారు | దేవరకద్ర

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో చట్టమే వచ్చింది. కార్డు మీద పేరు ఎక్కితే భూమి పోతుందేమోనని పట్టాదారులు భయపడ్డారు, కౌలుదారులు పట్టాదారులకు భయపడ్డారు. చట్టం కాగితం మీద మిగిలింది. భూమి లేని కూలీల విషయంలో మాత్రం 2025 జనవరిలో ఒక అడుగు పడింది. ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసిన, భూమి లేని కుటుంబానికి ఏడాదికి ₹12,000 అన్నారు. పట్టాను కాక చేసిన పనిని అర్హతగా చూసిన పథకం అది. నీళ్ల విషయంలోనూ అలా చూడవచ్చు. ఒడ్డు వేసినవాడికి, పూడిక తీసినవాడికి, ఆ పనికే చెల్లించాలి.

నీళ్ల లెక్క | కల్వకుర్తి

డబ్బు గురించి మాట్లాడే ముందు నీళ్లు కొలుద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తరువాత ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పథకం నడిచింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవారు. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ అందులో ఉన్నాయి. నేను మా ఊరి నుంచి ఆ పని చేశాను. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దించి నీటిమట్టం రాసేవాళ్లం. బడి గోడ మీద వానమాపకం లెక్క రాసేవాళ్లం. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, ఈ వానాకాలం భూమిలోకి ఎంత దిగింది, ఎవరు ఏ పంట వేస్తే ఎంత పోతుంది అని లెక్క కట్టేవాళ్లం. ఒక్క రైతుకూ డబ్బు ఇవ్వలేదు, ఏ పంటా వేయొద్దని చెప్పలేదు. అయినా నా కళ్ల ముందే మా ఊళ్లో ఆరుగురు యాసంగి వరి తగ్గించుకున్నారు. గోడ మీది లెక్క తప్పని చెప్పే అవకాశం వాళ్లకు లేదు. ఆ లెక్క తీసింది వాళ్లే.

ఆ లెక్క ఇక్కడ వేస్తాను. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరం మీద పడేది 24 లక్షల లీటర్లు. చాలా భాగం ఆవిరవుతుంది, కొంత వాగులో పోతుంది. మన గ్రానైటు నేలలో లోపలికి దిగేది పదో వంతు అనుకోండి. రెండు లక్షల నలభై వేల లీటర్లు. ఇప్పుడు యాసంగి వరి. 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మడిలో పెట్టిన దాంట్లో నూటికి నలభై అయిదు పాళ్లు తిరిగి భూమిలోకే దిగుతాయని వరి వైపు మొగ్గి లెక్కించినా, మిగిలిన నికర ఖర్చు 26 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం యాసంగి వరి, పదకొండు ఎకరాల మీద కురిసిన వాన భూమికి ఇచ్చిన నీళ్లన్నీ తాగేస్తుంది. జొన్నకు పెట్టే నీళ్లు వరికి పెట్టేదాంట్లో సగం కంటే తక్కువే.

చెల్లీ, మీ ఎకరంన్నర గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. ఆ ఎకరంన్నర మీద పడిన వాన తనంతట తాను నాలుగు బోర్లను బతికించలేదు, ఆ లెక్క కుదరదు. అది చేస్తున్నది వేరే పని. గుట్ట మొత్తం నుంచి దూకి వచ్చే నీటి వేగాన్ని తగ్గిస్తోంది, మట్టిని కుంటలోకి పోనివ్వడం లేదు. కుంట అడుగున ఒండ్రు పేరుకుంటే నీళ్లు నిలుస్తాయి గానీ లోపలికి దిగవు. మీ నాన్నగారు కాపాడింది కుంట అడుగును. దీనికి విలువ కట్టాలంటే చెట్లు లెక్కపెట్టినా, ఎకరాలు లెక్కపెట్టినా ప్రయోజనం లేదు. కుంట ఎంత లోతు మిగిలింది, కింద బోర్లలో మట్టం ఎంత అన్నదే కొలవాలి.

బత్తాయి తోట | నాంపల్లి మండలం

అన్నా, బోర్లు కొలవడం అంటే చివరికి మోటార్లకు మీటర్లు పెట్టడమేనా? మేము ఒప్పుకోము. పదిహేనేళ్ల బత్తాయి చెట్టు ఒక్క ఎండాకాలం నీళ్లు లేక ఎండిపోతే మళ్లీ కాపుకు అయిదేళ్లు. వెయ్యి అడుగుల బోరు వేసిన అప్పు ఇంకా తీరలేదు.

నీళ్ల లెక్క | కల్వకుర్తి

తమ్ముడూ, టేపుకు మీటరు అక్కరలేదు. పంజాబ్‌లో 2018లో మీటరు దారిలోనే వెళ్లారు. ఒక్కో రైతుకు కరెంటు వాడకానికి ఒక హద్దు పెట్టి, దానికంటే తక్కువ వాడితే మిగిల్చిన ప్రతి యూనిటుకు ₹4 ఇచ్చారు. రైతు నుంచి ఏదీ తీసుకోకుండా, ఉచిత కరెంటు ఉచితంగానే ఉంచి, మిగిల్చినందుకు డబ్బు ఇవ్వడం. ఆలోచన నాకు నచ్చింది. కానీ మన దగ్గర వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేవు, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. మీటరు అనే మాట వినగానే మీరు ఎలా ఉలిక్కిపడ్డారో ఊళ్లో అందరూ అలాగే ఉలిక్కిపడతారు. అందుకే నేను ఒక్కో బోరు లెక్క కాకుండా, ఊరి మొత్తానికి ఒక పరిశీలన బోరు మట్టం చాలంటాను.

విస్తరణ ఉద్యోగి | నల్లగొండ జిల్లా

పేరు చెప్పను, నేను ఏఈఓగా, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. నేను చూసుకునే క్లస్టరు అంటే దాదాపు అయిదు వేల ఎకరాలు. పంటల నమోదు, బీమా, ఎరువులు, కొనుగోలు కేంద్రాల జాబితాలు, అన్నీ ఒక్క మనిషి మీదే. రేపు ఏ రైతు ఎకరం మీద ఎంత గడ్డి ఉంది, ఎన్ని చెట్లు బతికాయి అని ఫోటోలు తీసి ఎక్కించమంటే నిజంగా చూసి రాయగలిగేది పదో వంతు. మిగతాది చూడకుండా రాయాల్సి వస్తుంది. నేను చేయనని ఎంత అనుకున్నా గడువు రోజున ఏం జరుగుతుందో నాకు తెలుసు. అలా రాసిన కాగితం మీద డబ్బు పడితే, పని చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా ఉండదు.

అందుకే నీళ్ల లెక్క గారు చెప్పింది నాకు పనికొచ్చే మాటగా తోచింది. నా క్లస్టరులో కుంటలు పదిహేడు. పదిహేడు చోట్ల వానాకాలానికి ముందు, తరువాత రెండుసార్లు కొలవమంటే కొలుస్తాను, ఊరివాళ్ల ముందే కొలుస్తాను. డబ్బు కుంటకు ఇవ్వాలి. కుంట కింద ఉన్నవాళ్లు, పైన ఉన్నవాళ్లు కూర్చుని పంచుకోవాలి.

ఇంకొకటి. రైతు భరోసాలో గుట్టలు, రాళ్లు, ఇళ్ల ప్లాట్లు, రోడ్లు తీసేశారు. ప్లాట్లకు డబ్బు ఆపడం సరైనదే, దాని మీద నాకు రెండో మాట లేదు. అయితే సాగుకు పనికిరాదు అన్న ఒక్క మాటలో ప్లాటూ, గుట్టా కలిసిపోయాయి. ప్లాటు వాన నీటిని తోసేస్తుంది. గుట్ట దాన్ని కుంటకు పంపుతుంది. మన రికార్డుల్లో ఈ రెండింటికీ ఒకటే గడి.

మంద | మక్తల్ వైపు

మా నాన్న, తాత గొర్లు కాసినవాళ్లు. నేను ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను, సెలవుల్లో మందతోనే ఉంటాను. ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. ప్రభుత్వం ఇవ్వకముందే రైతులు ఇలాంటి దానికి చెల్లించారు, ఇప్పటికీ చెల్లిస్తున్నారు. పంట కోసిన చేనులో రాత్రిపూట మంద కట్టించుకుంటారు. పేడ, మూత్రం నేలకు బలం. దానికి రాత్రికి ఇంత అని వడ్లో, జొన్నలో, డబ్బో ఇస్తారు. మందను బట్టి బేరం. కాగితం లేదు, ఫోటో లేదు. తెల్లవారి చేను చూస్తే పని జరిగిందో లేదో తెలిసిపోతుంది.

మాకు దెబ్బ తగిలింది చెట్ల పథకాల వల్లే. మొక్కలు నాటిన చోటల్లా కంచె వేశారు. మేము తరతరాలుగా మేపిన గైరాను (ఊరి మేత భూమి), శిఖం (చెరువు లోపలి భూమి) భూములకు పోయే దారి మూసుకుపోయింది. మొక్క బతకాలి, నిజమే. మొక్క బతికినందుకు ఒకరికి మెచ్చుకోలు, మేత పోయినందుకు మాకు ఏమీ లేదు. అక్కా, మీ ఎకరంన్నరలో గొర్లను రానిస్తారా?

ఎర్రచెలక | మర్రిగూడ మండలం

తమ్ముడూ, వానలు మొదలైనప్పటి నుంచి దసరా వరకు నాన్న ఎవరినీ రానివ్వరు. ఆ తరువాత గడ్డి కోసుకోమంటారు. సంక్రాంతి తరువాత మంద రావచ్చు. నిన్న ఈ మాట నాన్నతో చెబితే, గొర్లు రాకపోతే ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటుంది, వాళ్లు రావడమే మంచిది అన్నారు. ఇంతకాలం మేము వాళ్లకు మేలు చేస్తున్నామనుకున్నాను.

నీళ్ల లెక్క అన్నా, మీరు చెప్పింది మొదట కొంచెం బాధ కలిగించింది, మా భూమే బోర్లను బతికిస్తోందని నమ్మకంతో ఉన్నాను కాబట్టి. కానీ కుంట అడుగు మాట విన్నాక నాన్న లేచి కూర్చున్నారు. దున్నడం ఆపిన రోజు ఆయన చెప్పిన కారణం కూడా అదేనట. కుంట చచ్చిపోతోంది అన్నారట అమ్మతో.

ఒకటి రాయకుండా ఉండలేను. మా మండలం పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగడానికి ఇప్పుడు కృష్ణా నీళ్లు కుళాయిలో వస్తున్నాయి. ఆ మార్పు చిన్నది కాదు, మా నాయనమ్మ వంగిన నడుము చూసి పెరిగినదాన్ని నేను. కానీ పశువులు, పంటలు ఇంకా బోరు నీళ్ల మీదే ఉన్నాయి. బోరు లోతుకు పోయిన కొద్దీ రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు పైకి వస్తుంది. వాన నీరు లోపలికి దిగిన చోట అది పలచబడుతుంది. కుంట నిండటం అంటే మాకు పంట ఒక్కటే కాదు.

అంచు ఊరు | అమ్రాబాద్ దగ్గర

పులుల అడవి పక్కన ఉన్న మా మాట కూడా వినండి. అడవి నిలవడం వల్ల దిగువ వాగులన్నీ పారుతున్నాయి. అడవి పందులు తినేది మాత్రం మా వేరుశెనగ. నష్టపరిహారం అడిగితే పట్టా చూపించమంటారు. అడవిని అందరికంటే ఎక్కువ కాపాడిన చెంచులకు ఆ పట్టా కాగితం ఎక్కడిది? ఎవరికి చెల్లించాలో తేల్చేటప్పుడు వాళ్లను మొదట రాయండి.

బడి సారు | దేవరకద్ర

మంద తమ్ముడి మాట చదివాక నాకు పాత సంగతులు రెండు గుర్తొచ్చాయి.

ఒకటి నీరటి. మా చిన్నతనంలో చెరువు తూము ఎత్తడం, దించడం, కాలువ చూడటం, ఎవరి మడికి ఎంతసేపు అని తేల్చడం అంతా నీరటిదే. అతనికి జీతం లేదు. కల్లం దగ్గర ప్రతి రైతూ మేర, అంటే గింజల్లో అతని వంతు, కొలిచి ఇచ్చేవాడు. అతనికి పొలం ఉందా, పట్టా ఉందా అని ఎవరూ అడగలేదు. నీళ్లు సరిగ్గా వచ్చాయా అన్నదే అడిగారు. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి, నీరటికి పని పోయింది.

రెండోది దశబంధం. చెరువు తవ్వించినవాడికి, దాన్ని బాగుచేసి నిలిపినవాడికి ఆ చెరువు కింద పండిన దాంట్లో పదో వంతునో, దానికి బదులు మాన్యాన్నో ఇచ్చే ఏర్పాటు. తెలుగు నేల మీద శాసనాల్లో ఈ మాట ఉంది. పేరులోనే పది ఉంది. లాభం పొందినవాడు, ఆ లాభానికి కారణమైనవాడికి ఇవ్వడం. అందులోనూ పెద్దలకే పెద్ద మాన్యాలు దక్కాయి, ఆ కాలాన్ని పొగిడి వదిలేయడం నాకు ఇష్టం లేదు. చెరువు తవ్విన చేతుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

నా ఉద్దేశంలో ప్రభుత్వం చేయవలసినది ముందు తన చేతులతో చేస్తున్న తప్పు దిద్దుకోవడం. ఒక చేత్తో నీళ్లు తోడే పంటకు క్వింటాలుకు ₹500 ఇస్తూ, ఇంకో చేత్తో నీళ్లు మిగిల్చినవాడికి ఎకరానికి వెయ్యి ఇచ్చినా అది నిలవదు. కందికి, జొన్నకు, ఆముదానికి కొనుగోలు కేంద్రం ఊళ్లో తెరిస్తే తిప్పర్తి తమ్ముడు కూడా ఒక ఎకరం మారుస్తాడు.

వరిమడి | తిప్పర్తి

మారుస్తాను సార్. కొనేవాళ్లు ఉంటే రెండెకరాలు మారుస్తాను. ఊళ్లో పదిమంది కలిసి వేస్తే పిట్టలు కూడా పంచుకుంటాయి, ఒక్కడి చేను మీద పడవు. పదకొండు ఎకరాల వాన అన్న లెక్క రాత్రి కాగితం మీద నేను కూడా వేసి చూశాను. మాది కాలువ నీరు, అయినా చివరి ఆయకట్టుకు అందని ఏడాది బోరే దిక్కు. ఆ లెక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు.

చెల్లెమ్మా, ఒక సలహా. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకండి. ఆ నాలుగు బోర్ల వాళ్లను పిలిచి అడగండి. మా ఊళ్లో ఎవరైనా ఇలా లెక్కతో వచ్చి అడిగితే నేను కాదనను.

ఎర్రచెలక | మర్రిగూడ మండలం

ఎనిమిది రోజుల తరువాత రాస్తున్నాను. అడిగాం.

నాన్న రానన్నారు. నేను డబ్బు కోసం వదిలానా, ఇప్పుడు బిచ్చం అడిగినట్టు ఉంటుంది అన్నారు. తమ్ముడూ నేనూ వెళ్లాం. తమ్ముడే మాట్లాడాడు. ఈ ఏడాది దున్నుదామని ఉంది, దున్నితే ఏమవుతుందో మీకూ తెలుసు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పక్కన కూర్చున్న నాకు అది బెదిరింపులా వినిపించి సిగ్గనిపించింది. కానీ ఒక పెద్దాయన, నువ్వు చెప్పకపోతే మాకు ఈ సంగతే తట్టదు కదా అన్నారు. ముగ్గురు ఒప్పుకున్నారు. యాసంగి కోతలో బోరు కింద ఉన్న ప్రతి ఎకరానికి ఒక బస్తా వడ్లు. వాళ్లవి కలిపి ఏడెకరాలు. ఏడు బస్తాలు. పత్తి మీద వచ్చేదానికి అది సరిపోదు, తమ్ముడికి అది తెలుసు. అయినా ఈ ఏడాదికి నాగలి పెట్టనన్నాడు.

నాలుగో బోరు దగ్గరే చిక్కు వచ్చింది. ఆ రెండెకరాలు కౌలుకు చేస్తున్నాయన వెంటనే సరే అన్నాడు, నా వంతు రెండు బస్తాలు రాసుకోండి అన్నాడు. పట్టాదారుకు ఫోను చేస్తే, వాన దేవుడిది, దానికి నేను ఎవరికీ ఇవ్వను అన్నారు.

కౌలు బతుకు | దేవరకొండ

అక్కా, ఆ కౌలు రైతు దగ్గర తీసుకోకండి. ఆ బోరు ఆగకుండా పోస్తున్నందుకు రేపు కౌలు పెంచేది ఆ పట్టాదారే. అంటే మీ గడ్డి వల్ల వచ్చిన లాభం ఆయన జేబులోకి పోతుంది, బస్తాలు మాత్రం ఈయన మోయాలి. ఇలాంటి చోటే ఏ పథకమైనా పాడయ్యేది. ఆయన మంచివాడు కాబట్టి ఒప్పుకున్నాడు, లేదా మీరు అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు.

ఎర్రచెలక | మర్రిగూడ మండలం

మీరు చెప్పింది నిజం. నాకు ఆ వైపు తట్టనే లేదు. ఈ రోజు సాయంత్రం వెళ్లి, బస్తాలు వద్దు, దానికి బదులు వానలకు ముందు కుంట కట్ట మీద ముళ్లచెట్లు కొట్టడానికి మాతో ఒక రోజు రమ్మని చెప్పాను. కాగితం మీద ఆయన పేరు కూడా మిగతా ముగ్గురి పక్కన రాశాం. పట్టాదారు పేరు దగ్గర ఖాళీ వదిలాం, ఎప్పుడైనా అడగవచ్చని.

నీళ్ల లెక్క అన్నా, ఇప్పుడు కొలత మొదలుపెట్టాలి. వచ్చే ఏడాది ఎవరూ వాదించకుండా ఉండాలి. కుంటను ఎలా కొలవాలి, బోరును ఎప్పుడు కొలవాలి?

నీళ్ల లెక్క | కల్వకుర్తి

కుంట పూర్తిగా ఎండిన రోజు తూము దగ్గర అడుగున ఒక కడీరాయి పాతండి. మూడడుగులు భూమిలోకి పోవాలి, లేకపోతే వరదకు ఒరిగిపోతుంది. భూమి మట్టం నుంచి జానెడు జానెడుకు ఎర్ర రంగుతో గీత పెట్టి అంకెలు రాయండి. వచ్చే ఎండాకాలం మొదటి గీత మట్టిలో మునిగిందా లేదా చూస్తే, ఎంత పూడిందో అక్కడే తెలుస్తుంది.

బోర్లను నెలకు ఒకసారి, ఒకటో తేదీన, తెల్లవారుజామున మోటారు వేయకముందు కొలవండి. ముందు రోజు రాత్రి నాలుగు మోటార్లూ ఆపి ఉంచాలి. ఒక్కటి నడిచినా పక్క బోరు మట్టం తప్పు చూపిస్తుంది. టేపు చివర చిన్న బరువు కట్టండి, నీళ్లు తగిలిన చప్పుడు వినిపించేలా. కొలిచేటప్పుడు ఆ నలుగురిలో కనీసం ఇద్దరు ఉండాలి, కౌలు రైతును తప్పకుండా పిలవండి. అంకె ఫోనులో దాచుకోకండి, బడి గోడ మీద రాయండి. టేపు నా దగ్గర ఒకటి ఉంది, వంద మీటర్లది. చౌటుప్పల్ మీదుగా వచ్చే వారం వెళ్తున్నాను, బస్టాండులో ఎవరైనా ఉంటే ఇచ్చి వెళ్తాను.